ముందు వీడియో ఫైలు, తరువాతే ల్యాప్‌టాప్: ఒక విద్యార్థిని కేస్ స్టడీ

నేపథ్యం

కళాశాల కంప్యూటర్ సహాయ విభాగంలో పని చేసే నాకు ఏటా ప్రవేశాల కాలంలో తప్పనిసరిగా ఎదురయ్యే ప్రశ్న ఒకటి ఉంది: చదువుకూ, వీడియో ఎడిటింగ్‌కూ కలిపి పనికివచ్చే ల్యాప్‌టాప్ ఏది? చాలాసార్లు పావుగంట మాటల్లో తేలిపోయే ఈ ప్రశ్నకు ఒక సందర్భంలో మాత్రం సమాధానం దొరకడానికి దాదాపు ఒక సెమిస్టరు పట్టింది. మధ్యలో జరిగిన ఒక తప్పు కొనుగోలుకు నా సలహాయే కారణం. ఆ తప్పు ఎలా జరిగిందో, దానిని ఎలా గుర్తించామో మరొకరికి ఉపయోగపడుతుందన్న నమ్మకంతో, విద్యార్థిని అనుమతి తీసుకుని, ఆమెను గుర్తుపట్టగల వివరాలు తొలగించి ఈ వివరణ రాస్తున్నాను.

ఆమె భూగోళశాస్త్రం ప్రధానాంశంగా డిగ్రీ మొదటి సంవత్సరంలో చేరింది. డాక్యుమెంటరీ నిర్మాణాన్ని ఐచ్ఛికాంశంగా తీసుకుంది. అందువల్ల ఆమె కంప్యూటర్ మీద చేయవలసిన పని రెండు రకాలు. మొదటిది వ్యాసాలు, ప్రజెంటేషన్లు, ఇరవై ముప్ఫై ట్యాబులు తెరిచిన బ్రౌజరు, పటాల తయారీకి ఆర్క్‌జీఐఎస్ ప్రో. రెండవది ఎనిమిది నుంచి పది నిమిషాల నిడివి గల చిన్న చిత్రాలను ప్రీమియర్ ప్రోలో ఎడిట్ చేయడం. ఆ సాఫ్ట్‌వేర్‌కు కళాశాల లైసెన్సు ఉంది. చిత్రీకరణకు విభాగం వారు ఇచ్చే మిర్రర్‌లెస్ కెమెరా, దానికి తోడు ఆమె సొంత ఫోను వాడేది. అప్పటికే ఆమె వద్ద 8 జీబీ మెమొరీ గల పాత ల్యాప్‌టాప్ ఒకటి ఉంది.

ఎదురైన సమస్య

మొదటిసారి వచ్చినప్పుడు ఆమె చెప్పిన మాటను ఉన్నదున్నట్టు రాసి పెట్టుకున్నాను: "మేడమ్, టైమ్‌లైన్‌లో ప్లే చేస్తే బొమ్మ ఆగిపోతుంది, మాట మాత్రం వినిపిస్తూనే ఉంటుంది." ఆ వాక్యంలోనే సగం రోగ నిర్ధారణ ఉందని నాకు అప్పుడు తట్టలేదు. ధ్వని ఆగకుండా బొమ్మ మాత్రమే ఆగుతోందంటే, డిస్కు నుంచి సమాచారం అందుతూనే ఉందనీ, కుదించి ఉన్న ఆ సమాచారాన్ని విప్పి చిత్రంగా మార్చే దశలోనే ఎక్కడో ఆలస్యం జరుగుతోందనీ అనుమానించి ఉండవలసింది. సెకనుకు 25 ఫ్రేములు చూపాలంటే ఒక్కో ఫ్రేముకు యంత్రానికి దొరికే వ్యవధి 40 మిల్లీసెకన్లు మాత్రమే. ఆ వ్యవధిలో విప్పలేని ఫ్రేములను అది వదిలేసి ముందుకు పోతుంది.

ఆమె చేతిలో అన్నయ్య తయారు చేసి ఇచ్చిన పట్టిక ఉంది. అందులోవన్నీ గేమింగ్ ల్యాప్‌టాప్‌లే. ఎడిటింగ్ అంటే పెద్ద గ్రాఫిక్స్ కార్డు అన్న అభిప్రాయం బలంగా పాతుకుపోయి ఉండటం వల్ల అలాంటి పట్టికలే నాకు ఎక్కువగా కనిపిస్తుంటాయి. ఆ అభిప్రాయం పూర్తిగా తప్పు కాదు. అది ఏ పనికి నిజమో, ఏ పనికి కాదో ఎవరూ విడదీసి చెప్పకపోవడమే ఇబ్బంది.

మొదటి ప్రయత్నాలు

కొత్తది కొనేముందు ఉన్నదానితో ఎంతవరకు నెట్టుకురాగలమో చూడాలన్నది నా అలవాటు. మూడు పటాల పొరలు, బ్రౌజరు, వ్యాసం ఒకేసారి తెరిచి చూస్తే 8 జీబీలో దాదాపు అంతా నిండిపోయి, యంత్రం డిస్కునే మెమొరీగా వాడుకోవడం మొదలుపెట్టింది. ఖాళీ స్లాట్ ఉండటంతో మరో 8 జీబీ చేర్పించాను. చదువు పని వెంటనే తేలికపడింది. ఎడిటింగ్‌లో మాత్రం వీసమెత్తు మార్పు రాలేదు. మెమొరీ చాలకపోవడం ఒక సమస్య, బొమ్మ ఆగిపోవడం మరొక సమస్య అని ఆ రోజే స్పష్టమైంది. ఇంత చిన్న ఖర్చుతో రెండింటినీ విడదీయగలిగినందుకు ఈ మెట్టును నేను వృథా అనుకోవడం లేదు.

తరువాత ప్రాక్సీలు ప్రయత్నించాము. ప్రాక్సీ అంటే అసలు ఫైలుకు తక్కువ రిజల్యూషన్ నకలు. 3840×2160 చిత్రానికి 1280×720 నకలు తీస్తే పిక్సెళ్లు తొమ్మిదో వంతుకు తగ్గుతాయి. ఎడిటింగ్ ఆ నకలుతో చేసి, చివరి ఎక్స్‌పోర్టు వేళకు, అంటే పూర్తయిన చిత్రాన్ని ఒక ఫైలుగా బయటికి తీసేటప్పుడు, సాఫ్ట్‌వేర్ మళ్లీ అసలు ఫైళ్లను తీసుకుంటుంది. నకళ్లు తయారయ్యాక పాత యంత్రంలో కూడా ఎడిటింగ్ హాయిగా సాగింది. అయితే నకళ్లు తయారు కావాలన్నా అసలు ఫైలును ఒకసారి మొత్తం విప్పాలి కదా. గంటన్నర ఫుటేజీకి పాత ల్యాప్‌టాప్ రాత్రంతా ఫ్యాను హోరుతో నడిచి, తెల్లవారేసరికి ఇంకా మూడో వంతు మిగిల్చింది. ఈ రోజు చిత్రీకరించి రేపటికల్లా మొదటి కూర్పు చూపించవలసిన కోర్సులో ఆ జాప్యం కుదరదు.

కెమెరా సెట్టింగు మార్చి తేలికైన ఫార్మాట్‌లో చిత్రీకరించడం గురించి కూడా ఆలోచించాము. కోర్సులో భాగంగా లాగ్ ప్రొఫైల్‌లో, అంటే రంగులు పాలిపోయి చదునుగా నమోదయ్యే పద్ధతిలో చిత్రీకరించి, తరువాత రంగులు దిద్దడం నేర్పుతారు. లాగ్‌ను 8 బిట్‌లో రికార్డు చేస్తే ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి, 10 బిట్‌లో 1024 ఉంటాయి. చదునుగా రికార్డయిన చిత్రాన్ని సాగదీసినప్పుడు 8 బిట్‌లో ఆకాశం లాంటి చోట్ల చారలు పడతాయి. ల్యాప్‌టాప్ కోసం నేర్చుకునే విషయాన్నే వదులుకోమని చెప్పడం నాకు న్యాయంగా తోచలేదు. రంగులు దిద్దే అవసరం లేని గది లోపలి ఇంటర్వ్యూలకు మాత్రం తేలికైన ఫార్మాట్ వాడుకోమన్నాను.

నా సలహాతో జరిగిన తప్పు కొనుగోలు

పాత యంత్రంతో పని కాదని తేలాక, ఆమె అన్నయ్య పట్టికలోంచే ఒకదానిని నేను సమర్థించాను. ఎనిమిది కోర్ల ఏఎమ్‌డీ ప్రాసెసర్, 8 జీబీ సొంత మెమొరీ గల విడి గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ మెమొరీ, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. గుడ్డిగా చెప్పలేదు. అదే నమూనా యంత్రం ఒకటి మా విభాగంలోనే ఉండటంతో దానిమీద నా దగ్గరున్న ఒక 4కె క్లిప్పు వేసి చూశాను. ముందుకూ వెనక్కూ జరిపినా ఎక్కడా ఆగలేదు. రెండు పొరలు పేర్చినా నిలబడింది. దానితో ధీమాగా కొనుక్కోమన్నాను.

మూడు రోజుల తరువాత ఆమె తిరిగి వచ్చింది. కొత్త యంత్రంలో కూడా బొమ్మ అదే విధంగా ఆగుతోంది. పాతదానికంటే కొంత నయమే తప్ప ఎడిటింగ్‌కు పనికొచ్చే స్థితిలో లేదు. దానితోపాటు నేను అసలు లెక్కలోకి తీసుకోని విషయం కూడా బయటపడింది. ల్యాప్‌టాప్ 2.4 కిలోలు, అడాప్టరు మరో 700 గ్రాములు. ఎడిటింగ్ చేస్తే బ్యాటరీ రెండు గంటలు కూడా రావడం లేదు కాబట్టి అడాప్టరు లేకుండా బయలుదేరే వీలులేదు. అంత బరువు మోయలేక రెండో రోజు నుంచే ఆమె దానిని గదిలో వదిలి, తరగతికి నోటు పుస్తకం పట్టుకెళ్లడం మొదలుపెట్టింది. చదువు కోసం కొన్న యంత్రం చదువుకునే చోటికే రావడం లేదన్నమాట.

కారణం దొరికిన తీరు

ఈసారి ఆమె ప్రాజెక్టును, ఆమె ఫైళ్లతోనే, నా ఎదుట తెరిపించాను. పక్కన విండోస్ టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబు తెరిచి, గ్రాఫిక్స్ కార్డు కింద ఉండే, వీడియోను విప్పే పని ఎంత జరుగుతోందో చూపే "వీడియో డీకోడ్" అనే చిన్న గ్రాఫు మీద దృష్టి పెట్టాను. ఆమె క్లిప్పు నడుస్తున్నంతసేపూ ఆ గీత అట్టడుగున సున్నా మీద నేలకు అంటుకుపోయినట్టు ఉంది. ప్రాసెసర్ మాత్రం 90 శాతం దాటి ఊగిసలాడుతోంది. దానిని ఆపి, మొదట పరీక్షకు వాడిన నా క్లిప్పు వేశాను. వెంటనే వీడియో డీకోడ్ గీత లేచింది, ప్రాసెసర్ గీత కిందికి జారింది. యంత్రం ఒకటే, సాఫ్ట్‌వేర్ ఒకటే, రిజల్యూషన్ కూడా ఒకటే. తేడా ఫైలులోనే ఉంది.

ఫైలు సాంకేతిక వివరాలు చూపే మీడియాఇన్ఫో అనే ఉచిత సాధనంలో రెండు ఫైళ్లనూ తెరిచి పక్కపక్కన పెట్టాము. నాది హెచ్.264, 8 బిట్, 4:2:0. ఆమె కెమెరా ఫైలు హెచ్ఈవీసీ, 10 బిట్, 4:2:2. హెచ్.264, హెచ్ఈవీసీ అన్నవి వీడియోను కుదించే పద్ధతులు. 4:2:0, 4:2:2 అనే చివరి అంకెలు చిత్రంలో రంగు సమాచారం ఎంత మిగిలి ఉందో చెబుతాయి. 4:2:0లో నాలుగు పిక్సెళ్లకు ఒక రంగు నమూనా ఉంటే, 4:2:2లో రెండు పిక్సెళ్లకు ఒకటి ఉంటుంది. రంగులు దిద్దడానికి రెండోది మేలు. అయితే గ్రాఫిక్స్ చిప్పులో వీడియోను విప్పడానికి విడిగా ఉండే సర్క్యూటు కొన్ని నిర్ణీత ఫార్మాట్లను మాత్రమే స్వీకరిస్తుంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 30, 40 శ్రేణుల కార్డులు 4:2:2 హెచ్ఈవీసీని స్వీకరించవు, ఆ యంత్రంలోని ఏఎమ్‌డీ ప్రాసెసర్ లోపలి గ్రాఫిక్స్ కూడా అంతే. అప్పుడు భారం మొత్తం ప్రాసెసర్ మీద పడుతుంది. కార్డు ఎంత పెద్దదైనా, దాని సొంత మెమొరీ ఎంత ఉన్నా ఈ పనిలో చేయి కలపలేదు.

ఇలాంటి ఫైలును విప్పడం ఎందుకంత భారమో ఆమెకు కాగితం మీద గీసి చూపించాను. హెచ్.264, హెచ్ఈవీసీ ఫైళ్లలో సాధారణంగా ప్రతి ఫ్రేమూ పూర్తి చిత్రంగా ఉండదు. అప్పుడప్పుడు ఒక పూర్తి ఫ్రేమును దాచి, మధ్యలోని వాటికి వచ్చిన మార్పులను మాత్రమే నమోదు చేస్తారు. వరుసగా చూసేవారికి ఇది చక్కగా సరిపోతుంది. ఎడిటింగ్ చేసేవారు మాత్రం ఎక్కడపడితే అక్కడ ఆగుతారు, వెనక్కి జరుపుతారు. అలా ఆగిన ప్రతిచోటా యంత్రం ముందున్న పూర్తి ఫ్రేము దాకా వెళ్లి, అక్కడి నుంచి మార్పులన్నీ కూడుకుంటూ రావాలి. ప్రోరెస్ లాంటి ఎడిటింగ్ ఫార్మాట్లలో ప్రతి ఫ్రేమూ స్వతంత్రంగా ఉంటుంది కాబట్టే, ఫైలు పరిమాణం ఎక్కువైనా, అవి చేతికి తేలికగా అందుతాయి.

నా తప్పు ఇక్కడే ఉంది. యంత్రాన్ని పరీక్షించాను, కానీ ఆమె ఫైలుతో పరీక్షించలేదు. పరీక్ష నెగ్గిందన్న ధీమా, పరీక్ష లేకపోవడం కంటే ఎక్కువ నష్టం చేసింది. గడువు ఇంకా మిగిలి ఉండటంతో ఆమె ఆ ల్యాప్‌టాప్‌ను తిరిగి ఇవ్వగలిగింది. గడువు దాటి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది.

రెండోసారి ఎంపిక

ఈసారి పట్టికను పక్కన పెట్టి, ఒక పెన్‌డ్రైవ్‌లో నాలుగు క్లిప్పులు వేయించాను: కెమెరా లాగ్ క్లిప్పు, అదే కెమెరా తేలికైన ఫార్మాట్‌లో తీసినది, ఫోను క్లిప్పు, రంగులు దిద్దిన ఒక నిమిషం టైమ్‌లైన్. పరిశీలనకు వచ్చిన ప్రతి యంత్రమూ ముందు వీటిని నడిపి చూపాలి.

విప్పే సర్క్యూటు దగ్గర రెండు దారులు కనిపించాయి. ఇంటెల్ 11వ తరం కోర్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్ల నుంచి లోపలి గ్రాఫిక్స్‌లోనే 4:2:2 10 బిట్ హెచ్ఈవీసీని విప్పే వీలుంది. 2020లో వచ్చిన ఎం1 మొదలుకొని ఆపిల్ చిప్పులూ ఆ పని చేస్తాయి. ఎడిటింగ్ ఒక్కటే అయితే మ్యాక్‌బుక్‌ను నిస్సంకోచంగా సూచించేదాన్ని, బ్యాటరీ విషయంలో కూడా అదే ముందుంది. అయితే ఆర్క్‌జీఐఎస్ ప్రో విండోస్ మీద మాత్రమే నడుస్తుంది. పటాలు తయారు చేసే మరో సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ మ్యాక్ మీద కూడా నడుస్తుంది కానీ, ప్రయోగశాల పరీక్ష ఆర్క్‌జీఐఎస్ ప్రోలోనే ఉంటుంది. ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న విండోస్ యంత్రాలను కూడా ఇదే కారణంగా పక్కన పెట్టాను. ఎక్స్86 కోసం, అంటే ఇంటెల్, ఏఎమ్‌డీ రకం ప్రాసెసర్ల కోసం రాసిన సాఫ్ట్‌వేర్ వాటిలో అనువాద పొర మీదుగా నడవాలి, పరీక్షకు కూర్చునే విద్యార్థిని మీద ఆ అనిశ్చితి మోపడం నాకు ఇష్టం లేదు. మిగిలింది ఇంటెల్ దారి.

మెమొరీ విషయంలో కొంత వాదన జరిగింది. ఆమెకు 16 జీబీ చాలని అనిపించింది, ఆ రోజు పనికి అది సరిపోయేదే. అయితే మేము చూస్తున్న తేలికపాటి నమూనాల్లో మెమొరీ మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది, తరువాత పెంచుకునే వీలు లేదు. పైగా లోపలి గ్రాఫిక్స్ తనకు కావలసిన మెమొరీని ఇందులోంచే తీసుకుంటుంది. మూడేళ్లు వాడవలసిన యంత్రంలో తరువాత మార్చలేని భాగం ఏదో, దానిమీదే ముందు ఖర్చు పెట్టాలని చెప్పి 32 జీబీకి ఒప్పించాను. ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు కాబట్టి 1 టీబీతో ఆగాము. కెమెరా సెకనుకు 150 మెగాబిట్ల వేగంతో రికార్డు చేస్తుంది, అంటే గంటకు 67.5 జీబీ, గంటన్నర చిత్రీకరణకు సుమారు 100 జీబీ. పాత ప్రాజెక్టులు బయటి ఎస్‌ఎస్‌డీకి వెళ్లిపోవాలన్నది మొదటి రోజు నుంచే నియమంగా పెట్టుకోమన్నాను.

తెర గురించి ఎంత చెప్పినా తక్కువే. ఆమె పాత ల్యాప్‌టాప్ తెర 45 శాతం ఎన్‌టీఎస్‌సీ రకం, వెబ్ వీడియోలకు ప్రమాణమైన ఎస్‌ఆర్‌జీబీ రంగుల్లో దాదాపు మూడో వంతును అది చూపలేదు. మొదటి సెమిస్టరులో ఆమె తీసిన చెరువు గట్టు దృశ్యాన్ని నా ఫోనులో చూపించింది. తెరమీద గడ్డి పాలిపోయి కనిపించడంతో ఆకుపచ్చను పెంచుకుంటూ పోయింది, ఫోనులో చూస్తే ఆ గడ్డి రంగు పూసిన ప్లాస్టిక్ చాపలా మెరిసిపోతోంది. కంటికి తప్పు చూపే తెర మీద సరైన రంగు దిద్దడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకని 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ లేని యంత్రాన్ని, మిగతావన్నీ బాగున్నా, పట్టికలోంచి కొట్టేశాము.

నాలుగు క్లిప్పుల పరీక్షకు తోడు ప్రతి యంత్రం మీద ఇరవై నిమిషాల ఎక్స్‌పోర్టు నడిపించాము. మొదటి రెండు నిమిషాల వేగం చూసి తీర్పు చెప్పకూడదు. పలుచని ల్యాప్‌టాప్ వేడెక్కాక ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. కాగితం మీద ఒకే ప్రాసెసర్ ఉన్న రెండు నమూనాల్లో ఒకటి పదో నిమిషానికి నీరసపడిపోయింది, రెండోది చివరిదాకా నిలకడగా నడిచింది. గ్రాఫిక్స్ కార్డుల విషయంలో కూడా ఇదే వర్తిస్తుంది. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ కార్డుకు తయారీదారు 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంతైనా కేటాయించవచ్చు కాబట్టి, పేరు ఒకటే అయినంత మాత్రాన పనితనం ఒకటే కాదు.

చివరికి కుదిరినది 14 అంగుళాల తెర, 1.4 కిలోల బరువు, విడి గ్రాఫిక్స్ కార్డు లేని ల్యాప్‌టాప్. పట్టిక తయారు చేసిన అన్నయ్యకు ఇది మింగుడుపడలేదు. ఆమె క్లిప్పును దానిమీద నడిపి, లేచిన వీడియో డీకోడ్ గీతను చూపించాకే ఒప్పుకున్నారు.

తరువాత ఏమైంది

కెమెరా ఫైళ్లు ఒక పొరగా ఉన్నంతవరకు అడ్డంకి లేకుండా నడుస్తున్నాయి. రెండు పొరలు, వాటిపై రంగుల దిద్దుబాటు చేరితే తడబాటు మొదలవుతుంది, అప్పుడు ప్రాక్సీలకు మారుతుంది. విప్పే పని సర్క్యూటు చేస్తుంది కాబట్టి గంటన్నర ఫుటేజీకి నకళ్లు ఇప్పుడు ఆమె భోజనం చేసి వచ్చేలోపు సిద్ధమవుతున్నాయి. తరగతులు, గ్రంథాలయం కలిపి ఒక రోజుకు బ్యాటరీ సరిపోతోంది.

రెండు చిన్న చిక్కులు మిగిలాయి. ఫోను క్లిప్పుల్లో నిమిషాలు గడిచేకొద్దీ పెదవుల కదలికకూ మాటకూ పొంతన తప్పేది. మీడియాఇన్ఫోలో చూస్తే ఫ్రేమ్ రేటు "వేరియబుల్" అని ఉంది. వెలుతురును బట్టి ఫోను ఫ్రేముల మధ్య వ్యవధిని మారుస్తూ పోయిందన్నమాట. వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్ అనే సాధనంలో స్థిర ఫ్రేమ్ రేటుకు మార్చాక సరిపోయింది. ఏ ల్యాప్‌టాప్ కొన్నా ఇది తప్పేది కాదు. రెండోది, బయటి ఎస్‌ఎస్‌డీకి 100 జీబీ కాపీ చేయడానికి ముప్పావు గంట పడుతోందని వచ్చింది. డ్రైవు లోపమేమో అనుకుంది. చూస్తే డ్రైవుతో వచ్చిన కేబులు పోగొట్టుకుని ఫోను ఛార్జింగు కేబులు వాడుతోంది. టైప్-సీ అన్నది కొస ఆకారానికి పేరు మాత్రమే, వేగానికి కాదు. ఆ కేబులు యూఎస్‌బీ 2.0 రకం కావడంతో సెకనుకు 40 ఎంబీ లోపే ఆగిపోతోంది. సరైన కేబులు పెట్టగానే అదే పని కొద్ది నిమిషాల్లో ముగిసింది.

ఈ ఎంపికలో వదులుకున్నది కూడా ఉంది. చీకట్లో తీసిన దృశ్యాల్లోని గరుకుదనాన్ని తొలగించే ఫిల్టర్లు, కదిలే గ్రాఫిక్స్ ఎక్కువగా ఉండే పనులు విడి గ్రాఫిక్స్ కార్డు మీద ఎన్నో రెట్లు వేగంగా నడుస్తాయి. అటువంటి పని వచ్చినప్పుడు ఆమె ప్రాజెక్టును బయటి ఎస్‌ఎస్‌డీలో వేసుకుని విభాగం ప్రయోగశాలకు వెళుతోంది. సెమిస్టరుకు ఒకటి రెండుసార్లు అవసరమయ్యే పని కోసం రోజూ మూడు కిలోలు మోయించడం కంటే ఇదే నయమని ఇద్దరం అనుకున్నాము. అదే పని వారానికి మూడు రోజులు చేసేవారు వచ్చి అడిగితే నా సమాధానం వేరుగా ఉంటుంది.

నా పని తీరులో వచ్చిన మార్పులు

ఇప్పుడు సలహాకు వచ్చినవారిని నేను మొదట అడిగేది ఏ ల్యాప్‌టాప్ కావాలని కాదు. మీరు నిజంగా ఎడిట్ చేసే ఫైలు ఒకటి తెచ్చి చూపించమంటాను. రోజులో యంత్రం ఎక్కడెక్కడికి వెళుతుందో, ఎన్ని గంటలు ప్లగ్ పాయింటుకు దూరంగా ఉంటుందో రాయించుకుంటాను. ప్రధానాంశానికి తప్పనిసరి అయిన సాఫ్ట్‌వేర్ ఏ ఆపరేటింగ్ సిస్టమ్ అడుగుతుందో విభాగం నుంచే కనుక్కోమంటాను. ధరలు, నమూనాల ప్రస్తావన ఆ తరువాతే వస్తుంది. తిరిగి ఇచ్చే గడువు ఎన్ని రోజులో కొనకముందే తెలుసుకుని, ఆ రోజుల్లో సొంత ప్రాజెక్టు ఒకటి మొదలు నుంచి ఎక్స్‌పోర్టు దాకా చేసి చూడమని పట్టుబడతాను.

చిప్పుల వివరాలు మాత్రం శాశ్వతం కావు. 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణి కార్డులు 4:2:2ను విప్పగలవు. కాబట్టి ఇదే విద్యార్థిని ఇప్పుడు వచ్చి ఉంటే విడి కార్డు ఉన్న యంత్రాన్ని డీకోడింగ్ కారణంతో తోసిపుచ్చేదాన్ని కాదు, బరువు, బ్యాటరీ దగ్గర మాత్రమే ఆగేదాన్ని. ఆమె నాలుగు క్లిప్పులున్న పెన్‌డ్రైవ్ ఇప్పటికీ నా సొరుగులోనే ఉంది. ఆ తరువాతి నెలలో వచ్చిన మరో విద్యార్థి ఫైళ్లన్నీ 8 బిట్ 4:2:0, చేసే పనంతా కదిలే గ్రాఫిక్స్, యంత్రం గది దాటదు. అతనికి ఆమె తిరిగి ఇచ్చిన నమూనానే సూచించాను.